డైవ్ ఆపరేటర్ ఎలాంటివాడో, వాళ్లు మనల్ని అడిగే ప్రశ్నల్లో తెలుస్తుంది

సముద్రంలో స్కూబా డైవ్ చేస్తూ 16 మీటర్ల లోతులో ఉండగా, ట్యాంకులో గాలి ఎంతుందో చూపే నా ప్రెషర్ గేజ్ ముల్లు ఊగడం మొదలుపెట్టింది. ఊపిరి పీలిస్తే 130 నుంచి 70కి పడిపోతోంది, వదిలితే మళ్లీ 130కి వస్తోంది. సన్నటి గొట్టంలోంచి గాలి లాక్కుంటున్నట్టుంది. గైడ్ ఎక్కడో ముందున్నాడు. ఆయన వెనక మొత్తం 9 మందిమి, అందరికన్నా చివర నేనూ మా ఆవిడా. ఏదో తేడాగా ఉందని అరచేతిని అటూ ఇటూ ఆడించి, ట్యాంకు గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ వైపు చూపించాను. ఆమె నా వెనక్కి వచ్చి, ట్యాంకు వాల్వ్ పట్టుకుని తిప్పింది. ముల్లు కదలకుండా నిలబడింది, గాలి ధారాళంగా వచ్చింది.

జరిగింది ఏమిటంటే, నేను నీళ్లలోకి దూకబోయే ముందు బోటు మీద ఒక కుర్రాడు వెనక నుంచి నా వాల్వ్ తిప్పాడు. సాయం చేస్తున్నాడనుకున్నాను. పూర్తిగా తెరిచి ఉన్నదాన్ని మూసేసి, మళ్లీ కొంచెం తెరిచి వదిలేశాడు. నీటి పైన ఊపిరికి ఆ కాస్త సందు చాలు. 10 మీటర్లు దిగితే పీడనం రెట్టింపవుతుంది, 20 మీటర్ల దగ్గర మూడు రెట్లు. ఒక్కో ఊపిరికి అంత ఎక్కువ గాలి కావాలి, ఆ సందులోంచి అంత గాలి రాదు. అందుకే పైన ఉన్నప్పుడు అంతా బాగానే ఉంది, కిందికి వెళ్లాక ఊపిరి బిగిసింది.

ఆ ఆపరేటర్‌ను నేను ఎలా ఎంచుకున్నానో చెబుతాను. మేం దిగిన హోటల్‌కు దగ్గర. ఫోటోలు బాగున్నాయి. ఫోన్ చేసి ఏది అడిగినా "నో ప్రాబ్లం సార్" అన్నారు. డైవింగ్ నేర్చుకున్నట్టు చూపే నా కార్డు చూడలేదు. చివరిసారి ఎప్పుడు డైవ్ చేశారని అడగలేదు. ఒక కాగితం ముందు పెట్టి సంతకం చేయమన్నారు, చేసేశాను. ఆ రోజు నాకది చాలా సులువుగా, హాయిగా అనిపించింది.

తర్వాత 12 ఏళ్లలో మేమిద్దరం 160 దాకా డైవ్‌లు చేశాం. నేను ఇన్‌స్ట్రక్టర్‌ని కాదు, సెలవుల్లో డైవ్ చేసే మనిషిని. కానీ ఉష్ణమండలంలో కొత్త చోటికి వెళ్లిన ప్రతిసారీ ముక్కూమొహం తెలియని వాళ్ల చేతుల్లో మా ప్రాణాలు పెడుతున్నాం కదా అని, ఆపరేటర్‌ను ఎంచుకోవడం మీద చాలా సమయం పెడతాను. ఇప్పుడు నేను మొదట చూసేది ఒక్కటే. వాళ్లు నాకేం చెబుతున్నారన్నది కాదు, నన్నేం అడుగుతున్నారన్నది.

టికెట్లు కొనక ముందే చేయాల్సిన పని

సెంటర్ బోర్డు మీద పాడీ, ఎస్ఎస్ఐ, ఎస్‌డీఐ లాంటి పేర్లు ఉంటాయి. ఇవి శిక్షణ ప్రమాణాలు పెట్టి కార్డులిచ్చే సంస్థలు. ఆ సెంటర్‌ను రోజూ నడిపేది అవి కాదు. బోర్డు మీద '5 స్టార్' అని ఉంటే అది మనలాంటి కస్టమర్లు ఇచ్చిన రేటింగ్ అనుకునేవాళ్లు చాలామంది. కాదు, ఆ సంస్థ తన సభ్య సెంటర్లకు ఇచ్చుకునే ఒక స్థాయి. ఉంటే మంచిదే, దాన్ని చూసి చెకింగ్ ఆపేయకండి. కోర్సు చేయబోతుంటే మాత్రం మీ ఇన్‌స్ట్రక్టర్ పేరు, సభ్యత్వ నంబర్ అడగండి. పాడీ అయితే ఆ నంబర్‌తో వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఆ మనిషికి ఇప్పుడు నేర్పే అర్హత ఉందో లేదో చూసుకోవచ్చు. రెండు నిమిషాల పని.

రివ్యూల్లో నేను అయిదు స్టార్లవి దాదాపు చదవను. "తాబేలు కనిపించింది, గైడ్ చాలా ఫ్రెండ్లీ" అని ఉంటాయి. రెండు, మూడు స్టార్లవి మెల్లగా చదువుతాను. అక్కడ కొన్ని ఫిర్యాదులు నా దృష్టిలో మెచ్చుకోళ్లు. "అంత దూరం వెళితే గాలి ఎక్కువగా ఉందని డైవ్ క్యాన్సిల్ చేశారు", "నాకు ఇంత అనుభవం ఉన్నా ముందు తేలిక డైవ్ చేయించారు", "కార్డు ఇంట్లో మర్చిపోయానంటే ఒప్పుకోలేదు". ఇలాంటివి మూడు నాలుగు కనబడితే ఆ సెంటర్ పేరు రాసి పెట్టుకుంటాను. "అద్దె సామాను పాతది", "గైడ్ మమ్మల్ని వదిలి ముందుకు వెళ్లిపోయాడు", "బోటులో కిక్కిరిసి కూర్చున్నాం" అని వేర్వేరు నెలల్లో వేర్వేరు మనుషులు రాస్తే ఇంకేం ఆలోచించను, వదిలేస్తాను.

ఫోటోలు కూడా చూడండి, కానీ చేపల్ని కాదు. ఆ సెంటర్ వాళ్లు తమంతట తాము పెట్టుకున్న ఫోటోల్లో గైడ్ చెయ్యి ఎక్కడుంది? తాబేలు వీపు మీదా? కస్టమర్లు పగడాల మీద మోకాళ్లు పెట్టి పోజిస్తున్నారా? గేజ్‌లు, గొట్టాలు కింద ఈడ్చుకుపోతున్నాయా? దాన్ని గొప్పగా భావించి పెట్టుకున్నారంటే నీళ్లలో వాళ్ల పద్ధతి అదే.

ఒక ఉత్తరం రాయండి

నచ్చిన రెండు మూడు సెంటర్లకు నేను ఒకే మెయిల్ పంపుతాను. అందులో ఇవి అడుగుతాను: ఒక గైడ్‌తో ఎంతమంది వెళతారు? కొత్తవాళ్లనూ అనుభవం ఉన్నవాళ్లనూ వేరు వేరు గ్రూపులు చేస్తారా? బోటు మీద ఆక్సిజన్ ఉంటుందా, ఎన్ని లీటర్లు? డైవింగ్ వల్ల వచ్చే జబ్బుకు చికిత్స చేసే పీడన గది, రీకంప్రెషన్ ఛాంబర్, దగ్గర్లో ఎక్కడ, అక్కడికి చేరడానికి ఎంతసేపు పడుతుంది? వాతావరణం బాగాలేక డైవ్ ఆగిపోతే డబ్బు సంగతేంటి? మేం వచ్చే నెలలో సముద్రం ఎలా ఉంటుంది?

మొహమాటపడకండి. ఇన్ని అడిగితే ఏమనుకుంటారోనని మనవాళ్లు సగం ప్రశ్నలు మింగేస్తారు. బాగా నడిపేవాళ్లకు ఈ ప్రశ్నలంటే ఇష్టం, ఎందుకంటే వీటన్నింటికీ వాళ్ల దగ్గర జవాబు రెడీగా ఉంటుంది.

జవాబులో నేను వెతికేది వాళ్ల ఎదురు ప్రశ్నలు. ఒకసారి ఒక సెంటర్ నుంచి "అన్నీ ఉన్నాయి సార్, టెన్షన్ వద్దు, అడ్వాన్స్ పంపండి" అని ఒక్క వాక్యం వచ్చింది. అదే రోజు ఇంకో సెంటర్ నుంచి వచ్చిన మెయిల్‌లో నా ప్రశ్నలకు జవాబులు పోగా, తిరిగి నాకే ఎనిమిది ప్రశ్నలున్నాయి. ఎన్ని డైవ్‌లు చేశారు, చివరిది ఎప్పుడు, ఎక్కువలో ఎక్కువ ఎంత లోతు, ప్రవాహంలో డైవ్ చేసిన అలవాటుందా, మందులేమైనా వాడుతున్నారా, ఎత్తు బరువు ఎంత, పాదం సైజు ఎంత, తిరుగు ఫ్లైట్ ఎప్పుడు. రెండోదాన్నే ఎంచుకున్నాం. ఆ తర్వాత మూడుసార్లు అక్కడికే వెళ్లాం.

గ్రూపు సైజు గురించి నా లెక్క ఇది. కార్డున్న డైవర్లు అయితే ఒక గైడ్‌కు నలుగురు బాగుంటుంది, ఆరుగురు దాటితే నేను వెళ్లను. నీళ్లు మసకగా ఉన్నా, ప్రవాహం ఉన్నా నాలుగు కూడా ఎక్కువే. "ఎనిమిది మంది, కానీ అందరూ ఎక్స్‌పీరియన్స్‌డ్" అంటారు. అందులో ఒకరికి గాలి త్వరగా అయిపోతే గైడ్ ఏం చేస్తాడో అడగండి. అందరినీ పైకి తెస్తాడా? ఆ ఒక్కరినీ ఒంటరిగా పంపుతాడా? ఇంకో గైడ్ ఉంటాడా? ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పారంటే, అది వాళ్లు రోజూ చేసే పనే అన్నమాట.

చేరాక, డబ్బు కట్టక ముందు

వీలైతే ఒక రోజు ముందే సెంటర్‌కు నడిచి వెళ్లండి. సాయంత్రం, బోటు తిరిగి వచ్చే వేళకు వెళితే మరీ మంచిది. దిగుతున్నవాళ్ల ముఖాలు కనబడతాయి. సామాను ఎలా కడుగుతున్నారో కనబడుతుంది. రెగ్యులేటర్లను మంచినీళ్ల తొట్టిలో ముంచి, నీడలో వేలాడదీస్తున్నారా, ఎండలో ఇసుక మీద కుప్పపోశారా? ఉప్పు, ఎండ ఈ రెండూ రబ్బరును తినేస్తాయి.

అద్దె సామాను చూపించమంటే చూపించాలి. నేను రెగ్యులేటర్ గొట్టాన్ని, అది లోహానికి కలిసే చోట వంచి చూస్తాను. చీలికలు మొదలయ్యేది అక్కడే. నోట్లో పెట్టుకునే రబ్బరు ముక్కను వేళ్లతో లాగుతాను. పళ్లతో కొరికి కొరికి అక్కడ చిరిగి ఉంటుంది, లేదా దాన్ని బిగించే ప్లాస్టిక్ పట్టీ ఊడిపోయి ఉంటుంది. నీళ్లలో తేలడానికి గాలి నింపుకునే జాకెట్టును బీసీడీ అంటారు, దాంట్లో నిండా గాలి ఊది పది నిమిషాలు పక్కన పెడతాను, మెత్తబడితే ఎక్కడో కారుతున్నట్టే. గాలి నింపే బటన్, తీసే బటన్ రెండూ నొక్కి వదులుతాను. ఇరుక్కుపోయే బటన్ నీళ్లలో మనిషిని ఒక్కసారిగా పైకి లేపేస్తుంది. రెగ్యులేటర్లు చివరిసారి ఎప్పుడు సర్వీస్ చేశారని అడిగితే రిజిస్టర్ తీసి తేదీ చూపించే సెంటర్లున్నాయి. "మొన్నే" అనేవీ ఉన్నాయి.

లోతును, సమయాన్ని బట్టి కింద ఇంకెంతసేపు ఉండొచ్చో చెప్పే డైవ్ కంప్యూటర్ సంగతి ప్రత్యేకంగా అడగండి. చాలా చోట్ల అద్దె సామాను అంటే కంప్యూటర్ కలవదు, గైడ్ కంప్యూటర్‌నే అనుసరించమంటారు. గైడ్ మన కన్నా మూడు మీటర్లు పైన ఉంటే ఆయన శరీరంలోకి చేరిన నైట్రోజన్ లెక్క వేరు, మనది వేరు. రోజుకు మూడు డైవ్‌లు, వరసగా నాలుగు రోజులు చేస్తే ఆ తేడా పెరుగుతూ పోతుంది. మేమిద్దరం మొట్టమొదట కొనుక్కున్న సొంత సామాను ఫిన్స్ కాదు, మాస్క్ కాదు, కంప్యూటర్లే.

గాలి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఎవరూ అడగరు. ట్యాంకులో ఉండేది మామూలు గాలే, కంప్రెసర్‌తో దాదాపు 200 బార్ (పీడనం కొలత) దాకా కుదించి నింపుతారు. కంప్రెసర్ గాలి పీల్చుకునే గొట్టం ఎక్కడుందో చూడండి. పక్కనే డీజిల్ ఇంజన్ పొగ గొట్టం ఉంటే, బోటు ఇంజన్ పొగ అటు కొడుతుంటే, కార్బన్ మోనాక్సైడ్ ట్యాంకులోకి వెళుతుంది. దానికి వాసన ఉండదు, రుచి ఉండదు. పైన పెద్దగా తెలియని మోతాదు కూడా లోతులో పీడనం వల్ల ప్రమాదమవుతుంది. ట్యాంకు వాల్వ్ కాస్త తెరిచి వాసన చూడమంటారు, నేనూ చూస్తాను, నూనె కంపు కొడితే ఆ ట్యాంకు తీసుకోను. కానీ వాసన లేనంత మాత్రాన మంచి గాలి అని కాదు. గాలిని ల్యాబ్‌లో పరీక్ష చేయించిన కాగితం గోడ మీద పెట్టే సెంటర్లున్నాయి. దాని మీద తేదీ చూడండి, అది నెలల కిందటిదా, ఏళ్ల కిందటిదా అని. ట్యాంకు భుజం దగ్గర కూడా అంకెలు కొట్టి ఉంటాయి, చివరిసారి నీటి పీడన పరీక్ష ఎప్పుడైందో అవి చెబుతాయి. చాలా దేశాల్లో దానికి గడువు అయిదేళ్లు, లోపలి తుప్పును కంటితో చూసే పరీక్ష ఏటా చేయించాలి.

మామూలు గాలి కన్నా ఆక్సిజన్ శాతం ఎక్కువుండే నైట్రాక్స్‌తో డైవ్ చేసేవాళ్లయితే మీ ట్యాంకును మీరే అనలైజర్ పెట్టి కొలవాలి, మీ చేత్తోనే శాతం రాసి సంతకం పెట్టాలి. "మేం కొలిచేశాం" అని ఇచ్చేస్తే తీసుకోవద్దు. 32 శాతం అనుకున్నది 38 అయితే అంతకు తగ్గ లోతు మారిపోతుంది.

ఫారం చదువుతున్నారా?

మెడికల్ ఫారం దగ్గర ఆ సెంటర్ గుణం బయటపడుతుంది. మొదటి పేజీలో పది ప్రశ్నలుంటాయి: ఊపిరితిత్తులు, గుండె, చెవులు, మూర్ఛ, వాడుతున్న మందులు. కొన్ని చోట్ల "అన్నింటికీ నో పెట్టేయండి, లేకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి" అని చెవిలో చెబుతారు. మన సెలవు పాడవకూడదని మంచితనంతో చెబుతున్నట్టే ఉంటుంది. వినకండి. ఉబ్బసం ఉన్న మనిషి ఊపిరితిత్తుల్లో గాలి చిక్కుకుంటే, పైకి వస్తున్నప్పుడు ఆ గాలి వ్యాకోచిస్తుంది. అబద్ధపు 'నో' దాన్ని ఆపలేదు. బీపీకో షుగర్‌కో మందులు వాడుతుంటే ఇంటి దగ్గరే డాక్టర్‌ను కలిసి, ఫారంలోని డాక్టర్ పేజీ మీద సంతకం చేయించుకుని బయల్దేరండి.

ఒకసారి నేను రెండేళ్ల గ్యాప్ తర్వాత వెళ్లాను. చేసిన డైవ్‌లు రాసుకునే లాగ్ బుక్ తిరగేసిన ఇన్‌స్ట్రక్టర్, మొదటి రోజు లోతు డైవ్ వద్దు, ముందు తీరం పక్కన 6 మీటర్లలో మాస్క్‌లో నీళ్లు నింపి ఖాళీ చేసి చూపించండి అంది. అప్పటికి నావి తొంభై డైవ్‌లు పైనే. ముఖం మాడ్చుకునే దిగాను. మాస్క్‌లోకి నీళ్లు రాగానే ముక్కుతో పీల్చేసి ఉక్కిరిబిక్కిరయ్యాను. ఆమె నా భుజం పట్టుకుని, నేను స్థిమితపడేదాకా కదలకుండా ఎదురుగా ఉంది. అదే నాకు 25 మీటర్లలో, ప్రవాహంలో జరిగి ఉంటే? ఆ ఉదయం ఆమె నన్ను ఆపినందుకు ఇప్పటికీ కృతజ్ఞత ఉంది.

మొదటి స్థాయి అయిన ఓపెన్ వాటర్ కార్డు 18 మీటర్ల దాకా, దాని తర్వాతి అడ్వాన్స్‌డ్ 30 మీటర్ల దాకా. సరదా డైవింగ్‌కు మొత్తం మీద హద్దు 40 మీటర్లు. ఓపెన్ వాటర్ కార్డు చూపించినా "30 మీటర్లలో ఓడ శిథిలం ఉంది, ఏం కాదు రండి" అనేవాళ్లు మీకు మేలు చేస్తున్నట్టు కనబడతారు. అక్కడ ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కూడా చేతులెత్తేయొచ్చు. అన్నట్టు, మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్‌లు చాలావాటిలో డైవింగ్ ఉండదు, ఉన్నా లోతు పరిమితి పెడతారు. పాలసీలో ఆ ఒక్క పేరా చదివి బయల్దేరండి. డైవర్లకే ప్రత్యేకంగా డాన్ (డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్) లాంటి సంస్థల పాలసీలున్నాయి.

బోటు ఎక్కాక

ఆక్సిజన్ ఉందా అంటే అందరూ ఉందనే చెబుతారు. చూపించమనండి. ఒక బోటులో పచ్చ పెట్టె చూపించారు, దానికి తాళం ఉంది, తాళంచెవి సెంటర్‌లో ఉంది. ఇంకో బోటులో తెరిచి చూపించారు, సిలిండర్ గేజ్ సున్నా దగ్గరుంది. శరీరంలో చేరిన నైట్రోజన్ పైకొచ్చేటప్పుడు బుడగలు కట్టే జబ్బు, డికంప్రెషన్ సిక్‌నెస్ అనుమానం వస్తే చేయాల్సిన మొదటి చికిత్స స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇవ్వడం, అదీ ఆసుపత్రికి చేరేదాకా ఆపకుండా. లెక్క సులువు. మాస్క్‌తో నిమిషానికి 15 లీటర్లు అనుకోండి, సిలిండర్‌లో 640 లీటర్లుంటే 40 నిమిషాలకు కాస్త పైన వస్తుంది. డైవ్ చేసే చోటి నుంచి తీరానికి గంటన్నర అయితే ఆ సిలిండర్ చాలదు. దూరపు సైట్లకు వెళ్లే ఆపరేటర్‌ను నేను అడిగే ముఖ్యమైన ప్రశ్న ఇదే: మీ ఆక్సిజన్ తీరం దాకా వస్తుందా?

తర్వాతది మనుషుల లెక్క. 1998 జనవరిలో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఒక బోటు ఇద్దరు డైవర్లను నీళ్లలోనే మర్చిపోయి తిరిగి వచ్చేసింది. వాళ్లు లేరన్న సంగతి రెండు రోజుల తర్వాత గాని ఎవరికీ తట్టలేదు. ఆ దంపతులు మళ్లీ కనిపించలేదు. అందుకే లెక్క ఎలా వేస్తున్నారో నేను ప్రతిసారీ గమనిస్తాను. తలలు లెక్కపెట్టడం చాలదు. ఒక్కో పేరూ పిలవాలి, మనిషి నోటితో పలకాలి, కాగితం మీద టిక్ పడాలి. నీళ్లలోకి వెళ్లిన సమయం, తిరిగొచ్చిన సమయం రాయాలి. పక్కవాడు మన బదులు పలికితే ఒప్పుకోకూడదు. మేం డైవ్ చేస్తున్నంతసేపూ బోటు మీద నడిపే మనిషి ఉండాలి, అందరూ దిగిపోయి ఖాళీ బోటు కట్టేసి వచ్చే పద్ధతి నాకు సమ్మతం కాదు.

రేడియో, లైఫ్ జాకెట్లు, నీడ, తాగే నీళ్లు, ఎక్కడానికి గట్టి నిచ్చెన. వీటికి ఒక చూపు చాలు. వెచ్చటి సముద్రమే కదా అనుకుంటాం గాని, 28 డిగ్రీల నీళ్లు కూడా శరీరంలోంచి వేడిని లాగేస్తాయి, రెండో డైవ్ అయ్యేసరికి వణుకు పుడుతుంది. ఎండలో ఒళ్లు ఎండిపోతుంది కూడా.

బ్రీఫింగ్‌లో చేపల పేర్లు మాత్రమే చెబితే అది సగం బ్రీఫింగ్. ఎంత లోతు, ఎంతసేపు, ప్రవాహం ఎటు, ఎన్ని బార్‌లకు గైడ్‌కు చెప్పాలి, ఎన్నింటికి పైకి బయల్దేరాలి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్ ఎక్కడ, జత విడిపోతే ఎంతసేపు వెతకాలి, పైకొచ్చాక బోటు కనబడకపోతే ఏం చేయాలి. ఇవి రావాలి. పైకొచ్చాక కనబడేలా గాలి నింపుకునే నారింజ రంగు గొట్టం, ఎస్ఎంబీ అంటారు, ప్రతి జతకూ ఒకటి ఇస్తున్నారో లేదో అడగండి. అలల మధ్య మనిషి తల ఎంత చిన్నగా కనబడుతుందో బోటు మీద నుంచి ఒకసారి చూస్తే తెలుస్తుంది.

దూకే ముందు మాత్రం మీ పని మీరే చేయండి. గేజ్ ముల్లు చూస్తూ నాలుగు గట్టి ఊపిర్లు పీల్చండి. ముల్లు కదిలితే వాల్వ్ సరిగ్గా తెరవలేదు. ఈ చెక్ అయ్యాక ఎవరినీ వాల్వ్ ముట్టుకోనివ్వకండి. మంచి సిబ్బంది అయితే మీరు పీలుస్తుంటే పక్కన నిలబడి మీతో పాటు ముల్లునే చూస్తారు.

వద్దనగలిగినవాళ్లు

మేం మూడుసార్లు వెళ్లామన్న ఆ సెంటర్‌లోనే జరిగింది ఇది. ఆ చోటు మొత్తానికి పేరుపడ్డ సైట్, అందరం దానికోసమే వచ్చాం. చేరేసరికి లంగరు బదులు బోట్లు కట్టే తేలే బుడ్డి సగం నీళ్లలోకి మునిగి ఉంది, దాని తాడు నిటారుగా కాకుండా ఏటవాలుగా లాగబడి ఉంది. గైడ్ ఒక్కతే దిగింది. రెండు నిమిషాల్లో పైకొచ్చి తల అడ్డంగా ఊపింది. పన్నెండు మంది ముఖాలు వాడిపోయాయి. ఒకాయన గట్టిగానే వాదించాడు. ఆమె గొంతు పెంచలేదు, "ఈ ప్రవాహంలో మిమ్మల్ని తిరిగి తేగలనన్న నమ్మకం నాకు లేదు" అంది. పగడాల దిబ్బ వెనక్కి తీసుకెళ్లి ప్రశాంతంగా ఉన్న చిన్న సైట్‌లో దించింది. కావాలన్నవాళ్లకు ఆ డైవ్ డబ్బు తిరిగిచ్చారు. అందుకే ముందు రాసే మెయిల్‌లో క్యాన్సిల్ అయితే డబ్బు సంగతి అడుగుతాను. తిరిగివ్వం అని రాసుకున్న సెంటర్, దించకూడని రోజున కూడా దించాలని చూస్తుంది.

పిల్లలు, మొదటిసారి దిగేవాళ్లు

మా అమ్మాయికి పదకొండేళ్లప్పుడు మొదటిసారి దిగింది. పాడీ ప్రమాణాల్లో, కోర్సు లేకుండా ఇన్‌స్ట్రక్టర్ తోడుతో దిగి చూసే ట్రై డైవ్‌కు కనీస వయసు 10 ఏళ్లు, లోతు 12 మీటర్లు దాటకూడదు. నేను అంతకన్నా తక్కువే అడిగాను, ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు మా అమ్మాయి ఒక్కతే అని కూడా. ఖర్చు ఎక్కువైంది, సరే అన్నాను. చాలా చోట్ల ట్రై డైవ్ అంటే పావుగంట పాఠం చెప్పి, వెనక నుంచి ట్యాంకు పట్టుకుని తోసుకుంటూ తిప్పడం. ఆ పిల్ల ముఖం ఇన్‌స్ట్రక్టర్‌కు కనబడదు. మాకు దొరికినావిడ నడుములోతు నీళ్లలో గంటసేపు కూర్చోబెట్టి, చెవుల్లో పీడనం సర్దుకోవడం నేర్పి, "ఇప్పుడు వద్దనిపిస్తే వద్దని చెప్పొచ్చు, మీ నాన్న ఏమీ అనరు" అని నా ముందే చెప్పింది. తర్వాత ఎదురెదురుగా, చెయ్యి పట్టుకుని వెనక్కి ఈదుతూ తీసుకెళ్లింది. పిల్లల కోసం వెతుకుతుంటే ఎదురుగా ఈదే మనిషిని వెతకండి.

రోజుల తరబడి బోటు మీదే ఉండే లివ్‌అబోర్డ్ ట్రిప్ అయితే అదనంగా రెండు ప్రశ్నలు. రాత్రి అందరూ నిద్రపోయాక మెలకువగా తిరిగే కాపలా మనిషి ఉంటాడా? పడుకునే గది నుంచి బయటికి రెండు దారులున్నాయా? 2019 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియా తీరంలో ఒక డైవ్ బోటు రాత్రి తగలబడి 34 మంది పోయారు. దర్యాప్తులో రాత్రి కాపలా లేదని తేలింది. బ్యాటరీలను కూడా మనిషి ఉన్నప్పుడే, పడుకునే గదిలో కాకుండా వేరేచోట ఛార్జ్ చేయనిచ్చే బోటునే నమ్ముతాను.

పగడాల మీద లంగరు వేసే బోటు ఎక్కకండి. ఒక్కసారి వేసిన లంగరు పిండి చేసింది మళ్లీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. చేపలకు మేత వేసి రప్పించేవాళ్లూ, ఆక్టోపస్‌ను కర్రతో బయటికి లాగి ఫోటో తీయించేవాళ్లూ వద్దు. 2004లో మొదలైన గ్రీన్ ఫిన్స్ అనే కార్యక్రమం డైవ్ సెంటర్లను ఈ విషయాల్లోనే పరీక్షించి సభ్యత్వం ఇస్తుంది. మీరు వెళ్లే చోట సభ్యులుంటే వాళ్లతో మొదలుపెట్టండి.

ఇంత చూసుకున్నా మొదటి డైవ్ తర్వాత మనసు ఒప్పకపోతే మిగతావి ఆపేయండి. అందుకే నేను ఎప్పుడూ పది డైవ్‌ల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టను. మొదటి రోజుకు కడతాను, సాయంత్రం ఒడ్డున కూర్చుని మా ఆవిడతో మాట్లాడి, తర్వాత మిగతాది.

ఇక ఫ్లైట్. శరీరంలో మిగిలిన నైట్రోజన్ బయటికి పోవాలి కాబట్టి, ఒక్క డైవ్ చేస్తే విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు, వరస డైవ్‌లు లేదా రోజుల తరబడి చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. మేం 24 ఆగుతాం. మా ఆఖరి ట్రిప్‌లో చివరి రోజుకు ముందు రోజు మూడు డైవ్‌లకు పేర్లు ఇచ్చాం. సాయంత్రం నాలుగింటికి మూడోది, మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకు ఫ్లైట్. మధ్యలో 17 గంటలు కూడా లేవు, మేమే లెక్క చూసుకోలేదు. పేర్లు రాసుకుంటున్న అమ్మాయి మా ఫారం వెనక్కి తిప్పి, తిరుగు ప్రయాణం తేదీ ఉన్న గడి చూసి, మేం ఏమీ అనక ముందే మూడో డైవ్ దగ్గర మా ఇద్దరి పేర్లూ కొట్టేసింది.